మెదడు దీపానికి నూనె: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. సుగటూరు సీమ మొదలుకొని ముళబాగిలు, శ్రీనివాసపురం, గడి దాటితే పుంగనూరు, పలమనేరు వరకు మన పూర్వులు చెరువులను నమ్ముకొనే కాపురాలు నిలుపుకొన్నారు. చెరువు నిండిన ఏడు తూము దగ్గర నీరుగంటికి ఉండిన మర్యాదను పెద్దలు నేటికీ చెప్పుకొంటారు. తూము ఎత్తితే నీరు తనంతట తానే పల్లానికి పారుతుంది. అందుకు ఖర్చు లేదు. పల్లపు నీరు మెరకకు ఎక్కాలంటే మాత్రం కపిలకు ఎడ్లు కావాలి, మోటారుకు కరెంటు కావాలి. 2018లో బెంగళూరు వాడుక నీటిని శుద్ధి చేసి, కోరమంగల–చల్లఘట్ట లోయ పథకం ద్వారా కోలారు చెరువులకు తోడిపోయడం ఆరంభమైన నాటి నుంచి ఈ లెక్క ఇక్కడి వారికి మరింత బాగా తెలిసివచ్చింది.

మనిషి మెదడు కూడా ఇటువంటి తూములతోనే పనిచేస్తుంది. అందులో పారేది ఉప్పునీరు. ఆ నీటిలో సోడియం, పొటాషియం, కాల్షియం వంటివి విద్యుదావేశం గల అతి సూక్ష్మ కణాలుగా ఉంటాయి. వాటిని అయాన్లు అంటారు. 1902లో శివనసముద్రం నుంచి తీగల మీద బంగారు గనులకు వచ్చిన కరెంటులో కదిలినవి ఎలక్ట్రాన్లు. మన నరాలలో కదిలేవి ఈ అయాన్లు. నరకణం పైపొరలో అయాన్లు వరుసగా దూరగలిగినంత సన్నని రంధ్రాలున్నాయి. అవి తెరుచుకొన్నప్పుడు అయాన్లు పల్లానికి పారినట్లు లోపలికో బయటికో దూకుతాయి. చూపు, మాట, తలంపు, జ్ఞాపకం అన్నీ ఆ దూకుడు మీద ఆధారపడినవే. ఈ ఏర్పాటును చూసి, లోహపు తీగలకు బదులు ఉప్పునీటితో, సిలికాన్ మీటలకు బదులు నానో రంధ్రాలతో పనిచేసే గణన సాధనాలను నిర్మించాలని ఇరవై ఒకటో శతాబ్దపు శాస్త్రజ్ఞులు పూనుకొన్నారు.

అయితే తూము ఎంత నేర్పుగా కట్టినా చెరువులో నీరు ఉండాలి కదా. నరకణంలో ఆ నీటిమట్టాన్ని నిలబెట్టే శక్తి ఏ పదార్థంలో దాగి ఉన్నదో దానిని 1929లో వెలికితీసిన వారిలో ఒకరు భీమవరంలో పుట్టిన తెలుగు బిడ్డ. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన నరాల మీద పరిశోధన చేయలేదు. తాను కనుగొన్న పదార్థమే నరాలను నడుపుతున్నదని తేలే నాటికి ఆయన జీవించి లేరు.

కాశీకి బయలుదేరిన బాలుడు

సుబ్బారావు 1895 జనవరి 12న జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వలన ముందుగానే కొలువు విడువవలసి వచ్చింది. తల్లి వెంకమ్మ. ఏడుగురు బిడ్డల సంసారం ఇబ్బందులతో సాగింది. పదమూడేళ్ల ప్రాయంలో సుబ్బారావు ఇల్లు విడిచి కాశీకి బయలుదేరారు. యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించాలన్నది ఆ బాలుని ఆలోచన. ఇంటివారు వెదకి వెనుకకు తెచ్చారు. ఆ తరువాత బడిలో కుదురుకొన్నారా అంటే అదీ లేదు. మెట్రిక్యులేషన్ పరీక్ష మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. తండ్రి గతించిన ఇంట తల్లి తన ఒంటి మీది నగలు అమ్మి ఆయనను మద్రాసులో చదివించారని చెబుతారు. నేడు లోకం గొప్ప జీవరసాయన శాస్త్రజ్ఞుడని కొనియాడే మనిషి రెండుమార్లు పరీక్ష తప్పిన కుర్రవాడన్న సంగతి పదో తరగతి ఫలితాల వేళ మన ఇళ్లలో గుర్తుండవలసినది.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజుల్లో ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మొగ్గింది. సన్న్యాసం స్వీకరించాలని ఉబలాటపడ్డారు. తల్లి అనుమతి ఇవ్వలేదు. మఠం వారు వైద్యం అభ్యసించి రోగులకు సేవ చేయమని దారి చూపారు. ఆ విధంగా మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో శేషగిరి గారితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి అల్లుని చదువుకు అండగా నిలిచారు.

అవి గాంధీజీ పిలుపు దేశమంతటా మారుమోగుతున్న దినాలు. సుబ్బారావు ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్లేవారు. ఆంగ్లేయుడైన ఆచార్యునికి అది రుచించలేదు. పరీక్షలన్నీ బాగా రాసినా ఆయనకు దక్కినది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మద్రాసు ప్రభుత్వ వైద్య సేవలో ఉద్యోగం దొరకలేదు. అక్కడి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే కొలువులో చేరారు.

ఈ లోపల ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే వ్యాధి సోకి సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాతో మరణించారు. తిన్న ఆహారం ఒంటబట్టక, రక్తం క్షీణించి, మనిషి నీరసించిపోయే జబ్బు అది. సుబ్బారావుకు కూడా సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకొన్నారు. మందు పనిచేసింది గాని ఎందుకు పనిచేసిందో చెప్పగలవారు లేరు. ఆ ఎందుకు అన్నదే ఆయనను సముద్రం దాటించింది.

నీలిరంగు చెప్పిన రహస్యం

1922 అక్టోబరులో సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ నగరంలో దిగారు. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి ఇచ్చిన తోడ్పాటు ఉన్నా చేతిలో మిగిలిన డబ్బు స్వల్పం. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వ్యాధుల చదువుకు ప్రవేశం లభించింది, వేతనం లభించలేదు. పగలు తరగతులు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని. ఆ డిప్లొమా ముగించి, జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద పరిశోధనకు కుదిరారు.

అక్కడ ఆయనకు అప్పగించిన పని పైకి ఏమంత గొప్పగా కనిపించదు. రక్తంలో, మూత్రంలో, కండలో భాస్వరం ఎంత ఉన్నదో కొలవడానికి అంతకు ముందున్న పద్ధతులు ఆలస్యమైనవి, తప్పులకు తావిచ్చేవి. ఫిస్కే, సుబ్బారావు కలిసి వాటిని బాగుచేశారు. నమూనాలోని ఫాస్ఫేటుకు ఆమ్లంలో కలిపిన మాలిబ్డేటును చేర్చి, మరొక రసాయనంతో దానిని క్షయకరణం చేస్తే నీలిరంగు తేలుతుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. ఆ చిక్కదనాన్ని తెలిసిన కొలతతో పోల్చితే లెక్క దొరుకుతుంది. 1925లో ప్రచురితమైన ఈ పద్ధతి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో ప్రపంచంలోని ప్రయోగశాలలన్నింటికీ చేరింది. మన రైతులు చేని మట్టిని పరీక్షకు పంపినప్పుడు భాస్వరం కొలవడానికి తేల్చే నీలిరంగు కూడా ఈ కుటుంబానికి చెందినదే.

కొలబద్ద సరిగా ఉన్నవాడికే కొత్త వస్తువు కంటపడుతుంది. కండరపు రసాన్ని పరీక్షిస్తున్నప్పుడు నీలిరంగు వెంటనే పూర్తిగా తేలక, నిమిషాలు గడిచేకొద్దీ నెమ్మదిగా చిక్కబడుతూ రావడం వారు గమనించారు. మరొకరైతే రసాయనం పాడైనదని పారబోసి ఉండేవారు. సుబ్బారావు, ఫిస్కే అలా వదలలేదు. కండలో ఏదో ఒక పదార్థం ఫాస్ఫేటును పట్టి ఉంచి, ఆమ్లం తగిలిన తరువాత కొద్దికొద్దిగా విడుస్తున్నదని గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండ పనిచేసినప్పుడు అది తరుగుతుంది. విశ్రాంతి దొరికితే తిరిగి పెరుగుతుంది. ఈ సంగతి 1927లో వెలువడింది. ఇంగ్లాండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఆ ఏడే వేరుగా ఈ పదార్థం ఆచూకీ పట్టారు.

అప్పటిదాకా శాస్త్రలోకం నమ్మినది వేరు. కండ కదలికకు మూలం లాక్టిక్ ఆమ్లమని భావించేవారు. 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి హిల్, మేయర్‌హాఫ్ గార్లకు లభించినది ఆ మార్గంలో చేసిన కృషికే. భాస్వరపు పదార్థాలే శక్తికి అసలు నెలవు అన్న కొత్త దారి ఇక్కడ తెరుచుకొన్నది.

రెండేళ్ల తరువాత, 1929లో, వారు కండ నుంచి మరొక పదార్థాన్ని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఆ సంవత్సరమే దానిని స్వతంత్రంగా కనుగొన్నారు. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్; పొట్టిగా ఏటీపీ. మూడు ఫాస్ఫేటులు గొలుసుగా వేలాడే చిన్న అణువు అది. చివరి కొలికి తెగినప్పుడు శక్తి వెలువడుతుంది. ఆ శక్తిని కణం తన పనులకు వాడుకొంటుంది. తిన్న అన్నం, పీల్చిన గాలి ఆధారంగా తెగిన కొలికిని మళ్లీ అతికిస్తుంది. రాగి ముద్ద తిన్నా, వరి అన్నం తిన్నా, ఒంట్లో చివరకు చెల్లుబాటయ్యే నాణెం ఏటీపీయే. ఒక మనిషి శరీరం ఒక్క రోజులో తిప్పి తిప్పి తయారుచేసే ఏటీపీని తూస్తే ఇంచుమించు ఆ మనిషి బరువంత ఉంటుందని అంచనా. చేతిలో ఉన్నది ఏ క్షణానికైనా అందులో చాలా కొద్ది భాగమే. అదే నాణెం చేతులు మారుతూ ఉంటుంది.

1930లో ఆయనకు డాక్టరేట్ లభించింది. హార్వర్డ్‌లో స్థిరమైన ఆచార్య పదవి మాత్రం ఎన్నటికీ దక్కలేదు. పద్దెనిమిదేళ్లు గడిచాయి. జంట పేర్లతో వచ్చిన పత్రాలలో ఎవరి వాటా ఎంత అన్న చర్చ తరువాతి కాలంలో జరిగినది గాని, సుబ్బారావు దానిలో పాల్గొనలేదు. తన పేరు ముందుకు తోసుకొనే స్వభావం ఆయనకు లేదు. ఈ గుణాన్ని కొందరు వినయమంటారు. దాని వలన ఆయనకు జరిగిన నష్టం కూడా చిన్నది కాదు.

మందుల దినాలు

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ పట్టణంలో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు మారి, అచిరకాలంలోనే పరిశోధనలకు అధిపతి అయ్యారు. తరువాతి ఎనిమిదేళ్ల చరిత్ర మన ఊళ్లలో మందుల సంచిగా నేటికీ కనిపిస్తుంది. గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చే బిళ్లలోని ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది ఆయన నాయకత్వంలోని బృందమే. ఆ సంగతి 1945లో ప్రకటితమైంది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఆ మందు పనిచేసింది. బోదకాలు నివారణకు పంచే డైఇథైల్ కార్బమజీన్ 1947లో అక్కడి నుంచే వచ్చింది. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగించే అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు సోకిన పసిబిడ్డలకు ఇచ్చి, కొంతకాలమైనా జబ్బు వెనుకకు తగ్గడాన్ని 1948లో లోకానికి చూపారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేటును క్యాన్సరుకే కాక కీళ్లవాతానికి కూడా వైద్యులు వాడుతున్నారు. టెట్రాసైక్లిన్ వర్గంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన ఆధ్వర్యంలోని ప్రయోగశాలలోనే, బెంజమిన్ డగ్గర్ కృషితో వెలువడింది. ఇవన్నీ విడివిడిగా చెప్పదగిన కథలు. ఇక్కడ పేర్లతో సరిపెట్టక తప్పదు.

భీమవరం వారింట మాత్రం కథ వేరుగా నడిచింది. కొద్ది ఏళ్లలో తిరిగి వస్తానని బయలుదేరిన భర్త మరల రాలేదు. ఉత్తరాలు వచ్చాయి. శేషగిరి గారు ఆయనను మళ్లీ చూడలేదు. కొడుకు బెంగళూరుకో గల్ఫుకో వెళ్లి పండుగకు కూడా రాని ఇళ్లు గడి గ్రామాల్లో ఎన్నో ఉన్నాయి. ఆ ఎదురుచూపు ఎలాంటిదో ఆ ఇళ్లకు తెలుసు. ఆయన వైపు నుంచి పని వెనుక పని వచ్చిపడింది, ప్రతి పనీ ఎవరి ప్రాణానికో సంబంధించినది. ఆమె వైపు నుంచి అవి ఇరవై ఆరేళ్లు. ఆయన జీవితాన్ని కీర్తించే వ్యాసాలలో ఈ రెండో లెక్క తరచుగా రాయరు.

అమెరికా పౌరసత్వం ఆయన స్వీకరించలేదు. స్వతంత్ర భారతానికి ఏడాది నిండబోతుండగా, 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు కన్నుమూశారు.

సైనైడు, సముద్రపు జీవి నరం

కోలారు బంగారు గనుల దగ్గర సైనైడు దిబ్బలను చూడనివారు ఈ ప్రాంతంలో అరుదు. రాతి పిండి నుంచి బంగారాన్ని కరిగించి తీయడానికి సైనైడు వాడేవారు. తీయగా మిగిలిన పిండి కొండలై పేరుకొన్నది. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినా దిబ్బలు అక్కడే నిలిచాయి. సైనైడు విషమని పిల్లలకు కూడా తెలుసు. అది ఎందువల్ల ప్రాణం తీస్తుందో తెలిసినవారు తక్కువ. కణం గాలిలోని ప్రాణవాయువును వాడుకొని ఏటీపీ తయారుచేసే కొలిమిని సైనైడు ఆర్పివేస్తుంది. రక్తంలో ప్రాణవాయువు ఉన్నా కణానికి అందిరాదు. ఏటీపీ నిండుకొంటుంది. మెదడు, గుండె అన్నింటికంటె ముందు చల్లబడతాయి.

ఈ విషమే సుబ్బారావు మరణానంతరం ఆయన పదార్థానికి సాక్ష్యం చెప్పింది. స్క్విడ్ అనే సముద్ర జీవికి కంటికి కనిపించేంత లావైన నరతంతువు ఉంటుంది. ఇంగ్లాండు శాస్త్రజ్ఞులు హాడ్జ్‌కిన్, హక్స్‌లీ దానిలో సన్నని ఎలక్ట్రోడు దూర్చి, నరం వెంట సంకేతం ఎలా పరుగెడుతుందో 1952లో లెక్కలతో సహా వివరించారు. నరం లోపల పొటాషియం ఎక్కువ, వెలుపల సోడియం ఎక్కువ. ఈ తేడా వలన పొరకు ఇరువైపులా వోల్టులో వెయ్యింట డెబ్బై వంతుల మేర విద్యుత్ పీడనం నిలిచి ఉంటుంది. సోడియం ద్వారాలు తెరుచుకొంటే సోడియం లోపలికి దూకుతుంది. సెకనులో వెయ్యోవంతు కాలంలో పొటాషియం బయటికి పారి పొర పూర్వస్థితికి వస్తుంది. ఈ పారుదల అంతా పల్లానికే. అప్పటికప్పుడు ఖర్చు లేదు.

అయితే తూము ఇలా పదే పదే ఎత్తుతూ పోతే చెరువు ఖాళీ కావాలి. లోపలికి వచ్చిన సోడియాన్ని ఎవరో మెరకకు తోడిపోయాలి. స్క్విడ్ నరానికి సైనైడు పట్టించి చూశారు. సోడియం బయటికి పోవడం ఆగింది. ఆ విషం తగిలిన నరంలోకే ఏటీపీని, ఫాస్ఫోక్రియాటిన్‌కు తోబుట్టువైన ఆర్జినిన్ ఫాస్ఫేటును సూదితో ఎక్కించారు. సోడియం మళ్లీ బయటికి పోసాగింది. కాల్డ్‌వెల్, హాడ్జ్‌కిన్, కీన్స్, షా 1960లో ఈ సంగతి ప్రచురించారు. ముప్పై ఏళ్ల కిందట నీలిరంగు ఆలస్యంగా తేలడంతో మొదలైన దారి ఈ నరం దగ్గరికి వచ్చి చేరింది.

తోడిపోసే యంత్రాన్ని అంతకు మూడేళ్ల ముందే, 1957లో, డెన్మార్క్ వాసి యెన్స్ స్కౌ ఎండ్రకాయ కాలి నరంలో పట్టుకొన్నారు. అది పొరలో ఇమిడి ఉండే ఒక ప్రొటీను. ఒక్కొక్క ఏటీపీని విరిచి మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. స్కౌకు 1997లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. మన మెదడు శరీరపు బరువులో సుమారు నూటికి రెండు వంతులే అయినా, విశ్రాంతిలో ఉన్న శరీరం వాడే శక్తిలో సుమారు ఇరవై వంతులు దానికే పోతుంది. ఆ శక్తిలో పెద్ద వాటా ఈ తోడకానికే. మొత్తం మీద మెదడు వాడకం సుమారు ఇరవై వాట్లు, ఒక చిన్న దీపానికి సరిపడేంత.

ఉప్పునీటి యంత్రాలు

రంధ్రాల కథ ఆపై వేగంగా సాగింది. ఒక్క రంధ్రం గుండా పారే అయాన్ల ప్రవాహాన్ని 1976లో నేహర్, జాక్‌మన్ కొలిచారు. పొటాషియం రంధ్రం ఆకృతిని 1998లో మెకినన్ బృందం కళ్లకు కట్టింది. ఆ రంధ్రంలో అతి ఇరుకైన చోటు ఒక నానోమీటరులో మూడో వంతు కూడా ఉండదు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. అంత ఇరుకులో కూడా సెకనుకు కోట్ల కొద్దీ అయాన్లు దాటుతాయి. పొటాషియం కంటె చిన్నదైన సోడియానికి మాత్రం అక్కడ ప్రవేశం లేదు.

ఇటువంటి రంధ్రాలను చేతితో నిర్మించి, ఉప్పునీరు నింపి, మెదడు చేసే పనిలో ఒక పిసరైనా చేయించాలన్నది కొత్త శాస్త్రపు కోరిక. ముఖ్యంగా జ్ఞాపకం. ఎండిన పంట కాలువలోకి మొదటిసారి వదిలిన నీరు దారిలోనే ఇంకిపోతూ నెమ్మదిగా పోతుంది; తడి ఆరక ముందే రెండోసారి వదిలితే గబగబా చేను చేరుతుంది; నాలుగు రోజులు ఎండితే మళ్లీ మొదటికే. కాలువకు నిన్నటి నీరు జ్ఞాపకం ఉన్నట్టే లెక్క. ఒక కొన వెడల్పుగా, ఒక కొన సన్నగా ఉండే రంధ్రంలో అయాన్లు కూడా ఇలాగే కూడుకొని, నెమ్మదిగా చెదురుతాయి. అంతకు ముందు ఎంత విద్యుత్తు పారినదో దానిని బట్టి ఇప్పటి దారి సులువో కష్టమో అవుతుంది. ఇటువంటి స్వభావం గల సాధనానికి మెమ్రిస్టర్ అని పేరు. ఆ ఊహ 1971 నాటిది.

ప్యారిస్ శాస్త్రజ్ఞులు కొద్ది అణువుల మందం గల నీటి చీలికలలో ఇటువంటి జ్ఞాపకం పుట్టగలదని 2021లో లెక్కగట్టి, 2023లో ప్రయోగంతో చూపారు. అదే సంవత్సరం చైనా శాస్త్రజ్ఞులు మరొక పద్ధతిలో సాధించారు. 2024లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్, కొరియాలోని సోగాంగ్ విశ్వవిద్యాలయాల వారు మిల్లీమీటరులో అయిదో వంతుకు మించని సాధనంలో ఉప్పునీటితో సులభమైన గుర్తింపు పనులు చేయించారు. ఇవన్నీ తొలి అడుగులు. సిలికాన్ యంత్రాల వేగంతో వీటికి పోటీ లేదు, అయాన్లు ఎలక్ట్రాన్ల కంటె చాలా మందగమనం గలవి. వీటిని ప్రయత్నించే వారి ఆశ వేగం మీద కాదు, కొద్ది శక్తితో పని జరగడం మీద. మెదడు ఇరవై వాట్లతో చేసే పనికి పెద్ద గణన కేంద్రాలు ఎంత కరెంటు తాగుతున్నవో చూసిన మీదట పుట్టిన ఆశ.

ఈ సాధనాలలో తూములు ఉన్నాయి, కాలువలు ఉన్నాయి, కాలువకు జ్ఞాపకం కూడా వచ్చింది. లోపల తోడిపోసే నీరుగంటి మాత్రం లేడు. వాటిలో అయాన్లను కదిలించే విద్యుత్ పీడనం బయట ఉన్న తీగ నుంచే అందుతున్నది. జీవకణం ఆ పీడనాన్ని తనలోనే పుట్టించుకొంటుంది. క్షణక్షణం ఏటీపీని విరుస్తూ, మళ్లీ అతికిస్తూ దానిని నిలుపుకొంటుంది.

సుబ్బారావు శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల విడుదల చేసింది. అంతకు చాలా ముందే ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. బోదకాలు బిళ్ల మీద గాని, గర్భిణులకు ఇచ్చే ఎర్ర బిళ్ల మీద గాని, ఏటీపీ అన్న మూడక్షరాలలో గాని ఆ పేరు లేదు.